చెవితో చదివిన నవల

(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దటి నుంచి భూమి గురించి, కూలి రేట్ల గురించి, కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడొక నవల గురించి మాట్లాడమని నిర్వాహకులు మాకు పని అప్పజెప్పారు. అన్నాలు తిన్నాక నవల అంటే నిద్ర వస్తదేమోనని కొందరికి అనుమానం ఉండొచ్చు. అందుకే ముందే చెప్తున్నాం. ఒక పుస్తకంలోని మనుషుల మాటలు మాకు ఎందుకు అర్థం కాలేదు, ఆఖరుకు ఎట్లా అర్థమయ్యాయి, దానితో మన వాడకేం పని - ఈ మూడు సంగతులే చెప్తాం.

మా మండలంలో ఐదుగురం కలిసి ఆదివారాలు పుస్తకాలు చదువుతున్నాం. ఇద్దరం బడిపంతుళ్ళం. డిగ్రీ చదివే అమ్మాయిలు ఇద్దరు. ఇంటర్‌తో చదువు ఆపి ఆటో నడుపుకుంటున్న తమ్ముడొకడు. మాలో ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఈసారి మేము పట్టుకున్నది నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1937లో అచ్చువేసిన ఇంగ్లీషు నవల. పేరు 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. 'వాళ్ళ కళ్ళు దేవుణ్ణి చూస్తున్నాయి' అని దాని అర్థం. మొదటి ఆదివారం మేము ఆరు పేజీలు దాటలేకపోయాం.

ముందు ఆమె ఎవరో చెప్పుకుందాం. హర్స్టన్ 1891లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టింది. పసితనంలోనే వాళ్ళ కుటుంబం ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌కు చేరింది. ఆ ఊరి సంగతి మనం తెలుసుకోవాలి. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళకు, 1887లో, నల్లవాళ్ళు తమ సొంత పాలకవర్గంతో నిలబెట్టుకున్న పట్టణం అది. మేయరు వాళ్ళవాడే, కౌన్సిలు వాళ్ళదే, అంగడి వాళ్ళదే. ఆమె తండ్రి కూడా ఒకప్పుడు ఆ ఊరికి మేయరుగా చేశాడు. తల్లి చనిపోయాక హర్స్టన్ పనిమనిషిగా కూడా బతికింది. ఆలస్యంగా చదువు అందుకుని, న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న బర్నార్డ్ మహిళా కళాశాలలో 1928లో పట్టా తీసుకుంది. ఆ కాలేజీలో అప్పుడు నల్ల విద్యార్థిని ఆమె ఒక్కతే. మన బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివింది ఆ కొలంబియాలోనే.

చదివింది మానవశాస్త్రం. చదివి ఎక్కడికి పోయింది? తిరిగి తన ఊరికే పోయింది. అంగడి అరుగుల మీద, కలప కోసే కూలీల క్యాంపుల్లో కూర్చుని జనం చెప్పుకునే కథలు, పాటలు, సామెతలు రాసుకుంది. ఆ చెవితోనే తర్వాత నవల రాసింది.

నవల కథ చెప్పాలంటే కొద్ది మాటల్లో చెప్పొచ్చు. జేనీ అనే నల్ల స్త్రీ, ఒక మగాడితో ఊరు విడిచిపోయిన మనిషి, చాలా రోజులకు ఒంటరిగా తిరిగొస్తుంది. స్నేహితురాలు ఫీబీ గిన్నెలో అన్నం తెచ్చిపెడుతుంది. ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని, చీకటి పడుతుండగా, జేనీ తన బతుకంతా ఆమెకు చెప్తుంది. బానిసగా పుట్టిన అమ్మమ్మ, మనవరాలికి ఒక నీడ ఉండాలని, పొలమున్న ముసలివాడికిచ్చి చేసిన పెళ్ళి ఒకటి. ఊరికి మేయరైన జో స్టార్క్స్‌తో ఇరవై ఏళ్ళ కాపురం ఒకటి. తనకంటే చిన్నవాడైన టీ కేక్‌తో ఇష్టపడి కట్టుకున్న బతుకు ఒకటి. చివర తుఫాను, పిచ్చికుక్క కాటు, తుపాకి గుండు, కోర్టు.

ఇంత సులువైన కథలో కష్టమెక్కడుంది? మనుషులు నోరు తెరిచిన చోట ఉంది.

రచయిత్రి తాను చెప్పేటప్పుడు బడిలో నేర్పే ఇంగ్లీషులోనే చెప్తుంది, మంచి కవిత్వం లాంటి ఇంగ్లీషు. పాత్రలు మాట్లాడగానే అక్షరాలు మారిపోతాయి. 'నేను' అనడానికి మనకు నేర్పిన 'ఐ' కనబడదు. దాని చోట 'ఆహ్' అని ఉంటుంది. పేజీ నిండా ఆహ్, ఆహ్. మా ఆటో తమ్ముడు అడిగాడు: "సార్, ఈమె గిన్నిసార్లు ఎందుకు మూలుగుతున్నది?" అందరం నవ్వాం గాని, మాకూ జవాబు తెలియదు. 'ది' ఉండాల్సిన చోట 'డె', 'దట్' బదులు 'డాట్', 'మై' బదులు 'మా', 'గోయింగ్ టు' బదులు 'గోయింటు'. నిఘంటువు తీస్తే ఒక్కటి లేదు. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు మంచి మార్కులతో పాసైన అమ్మాయికి, పన్నెండేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పిన పంతులుకి, ఇద్దరికీ అదే గతి. ఒక అమ్మాయి పుస్తకం మూసి, "ఇంగ్లీషు నేర్చుకోవడానికే మా నాయన ఎకరం కుదువ పెట్టిండు. ఇప్పుడు ఇది వేరే ఇంగ్లీషు అంటున్నరు" అంది. ఆ మాటలో కోపం న్యాయమైనదే.

రెండో ఆదివారం పద్ధతి మార్చాం. కళ్ళతో చదవడం ఆపి, ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు పుస్తకం చూడకుండా వినాలి అనుకున్నాం. అట్లా చదివితే చిక్కుముడి విడిపోవడం మొదలైంది. 'ఆహ్ గోయింటు' అని నోటితో అంటే, అది 'ఐ యామ్ గోయింగ్ టు' అని చెవికి తెలుస్తుంది. కంటికి తప్పుగా కనబడ్డ మాట చెవికి మనిషి గొంతుగా వినబడుతుంది. పది పేజీలు చదివేసరికి ఆ తేడాలకు ఒక కట్టుబాటు ఉందని తెలిసింది. బడిలో మన పిల్లలతో 'ద' అని పలికించే చోట వాళ్ళు 'డ' అంటారు. మాట చివర శబ్దాన్ని మింగుతారు. ఇష్టమొచ్చినట్టు కాదు, ఒక పద్ధతి ప్రకారమే. దానికో వ్యాకరణం ఉంది, రాసి పెట్టిన పండితుడు లేడు, అంతే.

కానీ అక్షరాల ముడి విడిపోయాక ఇంకో ముడి ఎదురైంది. మొదటి అధ్యాయంలో జేనీ ఊళ్ళోకి నడిచొస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఆమెను చూసి మాట్లాడుకుంటారు. ఆ బట్టలేంది, ఆ జుట్టేంది, తీసుకపోయిన డబ్బులేవి, వెంట పోయిన పడుచువాడేడి, అని ప్రశ్నల మీద ప్రశ్నలు ఒకే పేరాలో కుప్పపోసినట్టు ఉంటాయి. ఏ మాట ఎవరన్నారో రచయిత్రి చెప్పదు.  "వీళ్ళల్లో ఎవరేమన్నారు?" అని మేము పెన్సిలుతో గీతలు గీస్తూ కూర్చున్నాం.

ఆ రోజు మేము కూర్చున్నది ఆటో తమ్ముడి ఇంట్లో. వాళ్ళమ్మ పక్కనే చేటలో బియ్యం ఏరుతున్నది. ఆమెకు ఓనమాలు రావు. మేము తెలుగులో చెప్పుకుంటున్నది వింటూ వింటూ అన్నది: "అరుగు మీద కూసున్నోళ్ళు ఒక్కొక్కలు మాట్లాడుతరా బిడ్డా? ఒకల నోట్ల మాట ఒకలు గుంజుకుంటరు. మొగుడు లేని ఆడది మంచి చీర గట్టుకొని వాడలకెల్లి నడిస్తే, మాటలు ఎవలియని లెక్కబెడ్తరు?"

మిత్రులారా, ఆ పేరాకు ఇంతకంటే మంచి వివరణ మాకు ఇంకెక్కడా దొరకలేదు. అక్కడ మాట్లాడేది ఒక మనిషి కాదు, గుంపు. పొద్దంతా ఇతరుల కింద చాకిరీ చేసి, సాయంత్రం అరుగెక్కినాకనే వాళ్ళకు నోరు వస్తుంది. వచ్చిన నోరు తమలాంటి ఆడమనిషి మీదనే పడుతుంది. ఆ సంగతి మనకు కొత్త కాదు.

మూడో ముడి సరసాలది. జో స్టార్క్స్ అంగడి ముందు మగవాళ్ళు ఒక బక్క కంచరగాడిద గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. దాని యజమానిని ఏడిపించడానికి కోతలు కోస్తారు. పేజీలకు పేజీలు ఇదే. ఆ గాడిద చచ్చినప్పుడు ఊరంతా కలిసి దానికి అంత్యక్రియ లాంటి వేడుక చేస్తారు. వాళ్ళు వెళ్ళిపోయాక రాబందులు వచ్చి, పాస్టరు ప్రశ్నలడిగితే సంఘం బదులు చెప్పినట్టు, మాట్లాడుకుంటాయి. "ఇదంతా కథలో ఎందుకు?" అని మాలో ఒకరు విసుక్కున్నారు. మాటలు అర్థమవుతున్నాయి, మాటల వెనక ఉన్నది అర్థం కావడం లేదు.

వెనకకు తిరిగి అమ్మమ్మ చెప్పిన మాటలు మళ్ళీ చదివాం. ఆమె మనవరాలితో చెప్పేదాని సారాంశం ఇది: తెల్లవాడు బరువు దించి నల్ల మగాడి ముందర పడేస్తాడు, నల్ల మగాడు దాన్ని ఎత్తి ఇంట్లో ఆడదాని నెత్తిన పెడతాడు. చాకిరీ చేసే ఆ పశువుతోనే ఆమె నల్ల స్త్రీని పోలుస్తుంది. అది గుర్తు పెట్టుకుని అంగడి సరసాలు చదివితే నవ్వు సగం ఆగిపోతుంది. మగవాళ్ళు గాడిద మీద జోకులేస్తుంటే జేనీ లోపల సరుకు తూకమేస్తూ వింటున్నది. ఆమెకు ఆ ఆటలో చేరాలని ఉంది. మొగుడు చేరనివ్వడు.

ఇక నాలుగో ముడి మౌనం. జో మేయరైన రోజు జనం జేనీని రెండు మాటలు మాట్లాడమంటారు. ఆమె నోరు తెరవకముందే, తన భార్యకు ఉపన్యాసాలు తెలియవు, ఆమె చోటు ఇల్లు అని జో అడ్డుపడతాడు. ఆ తర్వాత చాలా అధ్యాయాల్లో ఆమె గొంతు సన్నబడిపోతుంది. సంభాషణ చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో వెతుకుతాం గాని, ఎవరు మాట్లాడడం లేదో వెతకం. ఈ నవలలో అది వెతకాలి. చాలా ఏళ్ళకు, అంగట్లో నలుగురి ముందు జో ఆమె వయసును, ఒంటిని ఎగతాళి చేస్తాడు. అప్పుడు ఆమె అదే అరుగు భాషలో, అదే ఎత్తిపొడుపుతో అతని మగతనం మీద ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ నుంచి అతను కోలుకోడు. వినీ వినీ ఆమె ఆ ఆట మొత్తం నేర్చుకుందని అప్పుడు తెలుస్తుంది. గాడిద మీద జోకులు చదవకుండా దాటేసినవాళ్ళకు ఈ దెబ్బ బరువు తెలియదు.

టీ కేక్ ఆమెతో గళ్ళ పలక మీద ఆట ఆడతాడు, తనతో సమానంగా మాట్లాడతాడు. అతను కూడా ఒకసారి ఆమెను కొడతాడు, నలుగురికీ తన హక్కు చూపించుకోవడానికి. దీన్ని ప్రేమకథ అని మెచ్చుకుని ఆ దెబ్బలను దాటేయొద్దని మా అమ్మాయిలిద్దరూ గట్టిగా వాదించారు. ఆ వాదన సబబే.

ఇంతవరకు మా తంటాలు చెప్పాం. ఇప్పుడు ఈ నవల మీద నడిచిన కొట్లాట చెప్పాలి, ఎందుకంటే అది మన కొట్లాట కూడా.

1937లోనే రిచర్డ్ రైట్ దీన్ని 'న్యూ మాసెస్' అనే వామపక్ష పత్రికలో తిట్టిపోశాడు. రైట్ అంటే తెల్లవాడు కాదు, మిసిసిపీలో పేద నల్ల కుటుంబంలో పుట్టిన గొప్ప రచయిత. నవలలో సందేశం లేదన్నాడు. తెల్లవాళ్ళు చూసి నవ్వుకోవడానికి పనికొచ్చే నల్లవాణ్ణి ఆమె చూపించిందన్నాడు. అతని కోపానికి కారణముంది. అమెరికాలో వంద ఏళ్ళపాటు తెల్ల నటులు ముఖాలకు మసి పూసుకుని, నల్లవాళ్ళ యాసను వెక్కిరిస్తూ నాటకాలాడారు. 'డె, డాట్' అని కాగితం మీద కనబడగానే రైట్‌కు ఆ నవ్వులు గుర్తొచ్చి ఉంటాయి.

మనకు ఇది తెలియదా? మన తెలుగు సినిమాల్లో ఎన్నో ఏళ్ళు హీరో మాట్లాడింది ఒక భాష. తెలంగాణ యాస జోకరుకో రౌడీకో ఇచ్చారు. వాడ మాట వినబడిందంటే హాలు నవ్వడానికి సిద్ధం. అందుకే మనలో చదువుకున్నవాళ్ళు కొందరు, "మన యాస రాయొద్దు, పరువు పోతది" అంటారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు.

కానీ యాస రాయడం వేరు, యాసను వెక్కిరించడం వేరు. తేడా ఎట్లా పట్టాలి? ఆ మాట మాట్లాడేవాడికి బుర్ర ఉన్నట్టు రాశారా లేదా చూడాలి. హర్స్టన్ నవలలో లోతైన మాటలు, దేవుడి గురించి, బానిసత్వం గురించి, ఆడదాని బతుకు గురించి, అన్నీ ఆ 'ఆహ్' భాషలోనే వస్తాయి. నవ్వు కూడా ఆ భాషలోనే, ఏడుపు కూడా ఆ భాషలోనే. నవ్వుకు మాత్రమే ఒక భాషను వాడినప్పుడు అది వెక్కిరింత అవుతుంది.

ఆమె ఈ విషయంలో ఎంత మొండిదో చెప్పే సంగతి ఒకటుంది. ఆఫ్రికా నుంచి మనుషులను పట్టి తేవడాన్ని అమెరికా 1808లోనే నిషేధించింది. అయినా 1860లో క్లోటిల్డా అనే ఓడలో దొంగతనంగా తెచ్చారు. అట్లా వచ్చినవాళ్ళలో కొసోలా అనే మనిషి అలబామాలో బతికి ఉంటే, 1927, 28లలో హర్స్టన్ పోయి, ఆయన నోటి నుంచి బతుకంతా విని, ఆయన మాటల్లోనే రాసింది. 'బరకూన్' అని పేరు పెట్టింది. 1931లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ వేస్తామన్నది, కానీ యాస తీసేసి మంచి ఇంగ్లీషులో రాయమన్నది. ఆమె మార్చలేదు. పుస్తకం అచ్చుకాలేదు. కొసోలా 1935లో పోయాడు. 1960లో హర్స్టన్ పేదరికంలో చనిపోయింది, చుట్టుపక్కలవాళ్ళు చందాలేసి సాగనంపారు, సమాధి మీద రాయి కూడా లేదు. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ పోయి రాయి పెట్టించింది. 'బరకూన్' 2018లో అచ్చయింది. ఎనభై ఏడేళ్ళు ఒక మనిషి సాక్ష్యం, భాష బాగోలేదన్న సాకుతో, పెట్టెలో పడి ఉంది.

ఆమె చెప్పినవన్నీ మనం ఒప్పుకోవాలని కాదు. తెల్ల, నల్ల పిల్లలకు వేరు బడులు చెల్లవని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆమె వ్యతిరేకించింది. ఆ విషయంలో మనం ఆమెతో లేము. కానీ మనిషి మాటను మనిషి మాటగా రాయడంలో ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

ఇక మన సంగతికి వద్దాం. తెలుగులో గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికం మీద పోరాడి వ్యావహారికం తెచ్చారు, అది గొప్ప మేలే. కానీ వచ్చింది శిష్ట వ్యావహారికం. ఆ శిష్టుల్లో మన వాడ లేదు. ఇప్పటికీ మన పిల్ల "మా అమ్మ కైకిలికి పోయింది" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి "కూలికి వెళ్ళింది" అని దిద్దే బడులున్నాయి. వేముల ఎల్లయ్య 2000లో 'కక్క' నవలను నల్లగొండ మాదిగ పలుకుబడిలో రాస్తే, చదువుకున్నవాళ్ళు అర్థం కాలేదన్నారు. ఎవరో రాసిన సంస్కృత సమాసాలు అర్థం కాకపోతే మనం నిఘంటువు కొనుక్కుంటాం. మన అవ్వ మాట అర్థం కాకపోతే అవ్వదే తప్పంటాం. ఇదెక్కడి న్యాయం?

ఇది పుస్తకాలతో ఆగే విషయం కాదు. నవల చివర జేనీని కోర్టులో నిలబెడతారు. తీర్పు చెప్పే పన్నెండు మందీ తెల్ల మగవాళ్ళే. వెనక నిలబడ్డ నల్లవాళ్ళు నోరెత్తబోతే నోరు మూయిస్తారు. జేనీ సాక్ష్యం చెప్తుంది, అంత ముఖ్యమైన చోట ఆమె సొంత మాటలు మనకు వినబడవు, సారాంశమే వినబడుతుంది. రచయిత్రి అట్లా ఎందుకు రాసిందో విమర్శకులు ఈనాటికీ చర్చించుకుంటున్నారు. మాకైతే పోలీసు స్టేషన్లు యాదికొచ్చాయి.

మన అక్క స్టేషనుకు పోయి, నలుగురిలో తనను ఏ కులం పేరు పెట్టి ఏ మాటన్నారో ఉన్నదున్నట్టు చెప్తుంది. రైటరు ఏం రాస్తాడు? "అసభ్య పదజాలంతో దూషించినాడు" అని రాస్తాడు. చదవడానికి శుభ్రంగా ఉంటుంది. కానీ కులం పేరు మాయమైంది. 1989 అత్యాచార నిరోధక చట్టానికి 2015లో తెచ్చిన సవరణ ప్రకారం, జనం చూసే చోట కులం పేరుతో తిట్టడం ఒక ప్రత్యేక నేరం. ఆ మాట కాగితం మీద లేకపోతే నేరమే నీరుగారిపోతుంది. "పొద్దుగూకేయాళ్ళ" అని ఆమె అంటే "రాత్రి సుమారు పది గంటలకు" అని రాస్తారు. రేపు కోర్టులో అవతలి వకీలు ఆ పది గంటలనే పట్టుకుని ఆమెను అబద్ధాలకోరుగా నిలబెడతాడు. ఒక మనిషి మాటను 'మంచి భాష'లోకి మారిస్తే ఎవరికి మంచి జరుగుతున్నదో చూడండి.

కాబట్టి కార్యకర్తలకు మా మనవి. 1995 నిబంధనల్లో అయిదో నిబంధన ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పినవాళ్ళకు చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఉచితంగా ఇవ్వాలి. వినిపించనిదే వేలిముద్ర వేయొద్దు. వినేటప్పుడు తన మాట తనకు వినబడుతున్నదా లేదా చూసుకోవాలి. వినబడకపోతే మార్చి రాయమని అడగాలి. నిజనిర్ధారణకు పోయిన మనవాళ్ళు కూడా బాధితుల మాటలను ఉపన్యాసాల భాషలోకి మార్చొద్దు. వాళ్ళు అన్నది అన్నట్టు రాయండి. మన పత్రికకు వాడ నుంచి ఉత్తరమొస్తే దాన్ని దిద్ది పంపొద్దు.

రెండోది, చదువు రానివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. గట్టిగా చదవండి. మేము ఐదు ఆదివారాల్లో ముగిద్దామనుకున్న పుస్తకానికి పదకొండు ఆదివారాలు పట్టింది. ఆ బియ్యం ఏరిన తల్లి ఆఖరి నాలుగు వారాలూ పని పక్కన పెట్టి మరీ కూర్చున్నది. "గా జేనీ యేమయ్యింది?" అని తనే అడిగేది.

ఏ పుస్తకంలోనైనా మాట అర్థం కాకపోతే వెంటనే పుస్తకం మూయొద్దు. అది ఎవరి నోటి మాట, ఆ నోటిని ఎవరు మూశారు అని అడగండి. మన మాట కూడా రేపు ఎక్కడో దూరదేశంలో ఎవరో ఇట్లాగే తంటాలు పడి చదవాలి. అందుకు ముందు మనం దాన్ని రాసి పెట్టాలి.

జై భీమ్!